అలసినకొద్దీ అందంగా పరిగెత్తిన మనిషి

బాంగ్ ఇన్‌సూక్ అక్క జీవితమంతా దొంగల్ని పట్టింది. పోలీసు కాదు. మా చోంగ్‌జు ఊళ్ళో ఒక పెద్ద మార్టులో మామూలు బట్టలు కట్టుకుని, బండి తోసుకుంటూ, ముల్లంగి ధరలు చూస్తున్నట్టు తిరుగుతూ, సరుకులు సంచిలోకి జారవిడుచుకునేవాళ్ళని గుమ్మం దాటాక ఆపడం ఆమె ఉద్యోగం.

"అందరూ చేతులు చూస్తారే. చేతులకేం, అవి ఎన్ని అబద్ధాలైనా ఆడతాయి. నేను కాళ్ళు చూస్తాను" అనేది నాతో. "దొంగసరుకు పెట్టుకున్న మనిషి మామూలుగా నడవాలని తంటాలు పడుతుంది. మామూలుగా నడిచేవాళ్ళు ఎక్కడైనా తంటాలు పడతారా?"

ఒక్కసారి పొరబడింది. తుంటి ఆపరేషను చేయించుకుని వచ్చిన ఒక ముసలావిడ నడక చూసి ఆపింది. ఆవిడ సంచిలోవన్నీ ఒక్కొక్కటీ తీసి నేలమీద పేర్చింది. టోఫూ, పచ్చి ఉల్లికాడలు, మనవడికి కొన్న చాక్లెట్లు, అన్నింటికీ రసీదు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా అక్క గొంతు తగ్గిపోయేది. "అనుమానం నాది. ఎదుటివాళ్ళ తప్పు తేలేదాకా అది నా కడుపులోనే ఉండాలి" అనేది.

కడుపులో ఉంచుకుందంటే మానేసిందని కాదు. నాలుగు వైపులా తట్టి చూడందే పుచ్చకాయ కొనేది కాదు. మంగలి దుకాణం నడిపే వాళ్ళాయన ఎండరోజు గొడుగు పట్టుకు బయల్దేరితే ముందు ఆకాశం వంక, తర్వాత ఆయన మొహం వంక చూసేది. నాది వాళ్ళ వీధిలోనే లాండ్రీ. నేను ఉతికిచ్చిన కోటు గుండీలు కూడా లెక్కపెట్టుకునే పట్టుకెళ్ళేది.

కుడి మోకాలు నొప్పి మొదలై, బండి వెనకాల తిరగలేక ఉద్యోగం మానేసింది. ఒళ్ళు తగ్గించమన్నాడు డాక్టరు. నేనే తీసుకెళ్ళి మా వీధి చివర నేలమాళిగలో నడిచే పొద్దుటి వ్యాయామం క్లాసులో చేర్పించాను. అక్కడ కోచ్ యోన్‌దూ, ముప్పై దాటని పిల్ల. బెత్తం లేదు కానీ గొంతు ఉంది. ఇనుప గుండ్లు ఎత్తించి, గుంజీలు తీయించి, పడవ నడిపినట్టు తెడ్డు యంత్రం లాగించి, ఒళ్ళంతా హూనమయ్యాక, "ఇప్పుడు ఏటి గట్టు మీద వంతెన దాకా పరుగు! వెళ్ళి రండి!" అనేది. వచ్చాక మళ్ళీ గుండ్లు.

గుంజీలు తీసిన కాళ్ళతో పరిగెడితే ఎలా ఉంటుందో తీసినవాళ్ళకే తెలుస్తుంది. కాళ్ళు దుంగలవుతాయి. భుజాలు చెవుల దాకా లేస్తాయి. నడుము దగ్గర మడతపడి, పిడికిళ్ళు బిగించి, మడమలు నేలకేసి కొడుతూ పోతాం. ముషిమ్ ఏటి గట్టు మీద కొంగలు మా చప్పుడికి ముందే లేచిపోయేవి. యోన్‌దూ ఫోనులో వీడియో తీసి చూపిస్తే నన్ను నేను గుర్తుపట్టలేదు.

"ఈ ఆంబోతు ఎవరే?" అంది అక్క.

"నేనే అక్కా."

"మరి ఆ వెనకాల వచ్చే ఆవు?"

"అది నువ్వే."

ఆ వేసవి మొదట్లో మేంగ్ గిల్సు గారు క్లాసులో చేరారు. అరవై దగ్గర వయసు, సన్నటి మనిషి, ఎండకి కమిలిన మెడ. దక్షిణాన ఎక్కడో గోదాముల్లో పనిచేశానని, భార్య పోయాక ఇటు వచ్చానని చెప్పారు. మాట తక్కువ. పరుగు మాత్రం మాకంటే అధ్వాన్నం. బాతులా పాదాలు పక్కలకి పెట్టి, చేతులు వేలాడేసుకుని పోయేవారు. "నాకు పరుగు రాదమ్మా, చిన్నప్పటి నుంచీ అంతే" అనేవారు నవ్వుతూ. ఆయన్ని చూసి మాకందరికీ ధైర్యం వచ్చింది.

ఉక్కపోతగా ఉన్న ఒక శనివారం యోన్‌దూ మమ్మల్ని పిండి పిప్పి చేసింది. ఆఖరి పరుగులో ఒక్కొక్కరూ ఊడిపోతున్నారు. మాంసం కొట్టు ప్యో అన్నయ్య చెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. అక్క గిల్సు గారికి కొంచెం వెనకాల ఉంది. వంతెన తిరిగి వెనక్కి వచ్చాక, బట్టలు మార్చుకునే గదిలో నా చెయ్యి పట్టి పక్కకి లాగింది.

"ఆ మనిషి నాటకమాడుతున్నాడే."

"ఎవరక్కా?"

"గిల్సు. మనం అలిసిపోతే ఏమవుతాం? చెడిపోతాం. ఆయన అలిసిపోయి బాగుపడ్డాడు. భుజాలు దిగిపోయాయి, తల కదల్లేదు, పాదం సరిగ్గా ఒంటి కింద పడుతోంది. చప్పుడే లేదు, పిల్లి పరుగు. గేటు దగ్గర యోన్‌దూ ఇటు తిరిగిందో లేదో మళ్ళీ బాతు అయిపోయాడు!"

"సరిహద్దు అవతల ఉత్తరం నుంచి వచ్చిన గూఢచారేమో అక్కా. పోలీసులకి ఫోన్ చెయ్యి, బహుమతి ఇస్తారు."

"నవ్వు. నీకేం, నవ్వుతావు. బాగా చేయగలిగినవాడు చేతకానట్టు ఎందుకు చేస్తాడు? అది చెప్పు ముందు."

అనుమానం పెనుభూతమంటారు. అక్కకి పట్టిన భూతం ఆ రోజు నుంచి నన్నూ పట్టింది. ఇద్దరం ఆయన్నే చూస్తూ కూర్చున్నాం. చూస్తే ఒక్కొక్కటీ కనబడసాగింది. యోన్‌దూ వీడియో తీసినప్పుడల్లా ఆయనకి బూటు లేసు ఊడేది. అందరం కలిసి ఫోటో దిగుదామంటే, "నేను తీస్తానమ్మా" అని ఫోను అందుకునేవారు. ఏ ఊరివాడో, పిల్లలున్నారో లేదో ఎవరైనా అడిగితే, పాలకూర పులుసు ఎలా పెట్టాలో చెప్పేవారు.

అక్క ఒక ఎత్తు వేసింది. జంటలుగా చేసే వ్యాయామాల్లో కావాలనే ఆయనతో జోడీ కట్టి, ఆయన వంతు బరువు పెంచి, అలిసిపోయేలా చేసేది. అలసట ముందు ఎవరూ నటించలేరని ఆమె లెక్క. ఆయన కిమ్మనకుండా ఎత్తేవారు. ఒకరోజు తెడ్డు యంత్రం దిగి చెమట తుడుచుకుంటూ, ఎవరికీ వినపడకుండా, "మీ కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడే ఎక్కువ నొప్పి కదా" అన్నారు.

అక్క ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పారు?"

"కాలు ముందుకు విసిరి మడమతో నేలని తంతున్నారు. ప్రతి అడుగుకీ బ్రేకు వేసుకుంటూ పరిగెడుతున్నారు. ఆ దెబ్బంతా మోకాలు మింగుతోంది."

"అయితే ఏం చెయ్యమంటారు?"

చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు ఆయన అటూ ఇటూ చూశారు. తర్వాత, "అడుగు చిన్నది చెయ్యండి, త్వరగా వెయ్యండి. పాదం మీ ముందు కాదు, మీ కింద పడాలి. నడుము వంచకండి. ముందుకు వాలాలంటే చీలమండ దగ్గర వాలండి, చెట్టు వాలినట్టు. చేతిలో పిట్టగుడ్డు ఉందనుకోండి, పిడికిలి బిగిస్తే చితుకుతుంది" అన్నారు.

అక్క ఆయన చెప్పినట్టు చేసిందంటే నమ్మి కాదు. ఈయన ఎంత దూరం వస్తాడో చూద్దామని. మొదట్లో పిక్కలు పట్టేశాయి. రెండు మూడు వారాలకి గుంజీల తర్వాత కూడా ఆమె అడుగుల చప్పుడు తగ్గింది. ఒక పొద్దున మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, గోడ పట్టుకోలేదని గమనించుకుంది.

"మోకాలు నొప్పి పెట్టట్లేదే" అంది నాతో. సంతోషం కంటే సందేహమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "గోదాములో పనిచేసినవాడికి ఇదంతా ఎట్లా తెలుస్తుంది?"

అక్క పరుగు మారడం అందరూ చూశారు. ప్యో అన్నయ్య వెళ్ళి అడిగాడు, నేనూ అడిగాను. మా బతిమాలుడికి గిల్సు గారి బాతు వేషం మెల్లగా జారిపోయింది. ఒక్కొక్కరి పక్కనా పరిగెడుతూ ఒక్కొక్క మాట చెప్పేవారు. "గుంజీలు తీసి వచ్చాక మొదటి వంద అడుగులూ తొందరపడకండి. కాళ్ళకి ఇది వేరే పని అని తెలియనివ్వండి" అనేవారు. "గడ్డం ఎత్తండి, నేల ఎక్కడికీ పోదు" అనేవారు. గొంతు ఎప్పుడూ పెంచలేదు. చెప్పేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు.

యోన్‌దూ సంబరపడిపోయింది. "నాకు బరువులు తెలుసు గానీ పరుగు నేర్పడం రాదండీ. గురువారం క్లాసు మీరు తీసుకోండి" అంది. ఆయన వద్దన్నారు. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నారు. మూడోసారి అడిగినప్పుడు ఆయన మొహంలో ఆశ కనిపించిందని అక్క అంది. ఆ వారం నుంచి అందరూ ఆయన్ని 'కోచ్‌గారూ' అనడం మొదలుపెట్టారు. అక్క మాత్రం గిల్సు గారూ అనే పిలిచేది.

"చేతులు ఎందుకు దాచుకుంటాడే?" అంది ఒకసారి నా లాండ్రీలో కూర్చుని, ఇస్త్రీ ఆవిరిలోంచి.

"వెనక్కి కట్టుకోవడం పెద్దవాళ్ళ అలవాటు అక్కా. మా నాన్న కూడా అంతే."

"మీ నాన్న నడిచేటప్పుడు కట్టుకుంటాడు. ఈయన ఎవరి పరుగైనా చెడినప్పుడు కట్టుకుంటాడు."

శరదృతువులో బోవున్‌లో రేగుపళ్ళ పండుగకి పెట్టే పరుగు పందేనికి అందరం కలిసి వ్యానులో వెళ్ళాం. గిల్సు గారు రానన్నారు. "కోచ్ లేకుండా ఎట్లా?" అని ప్యో అన్నయ్య దాదాపు ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. నేనూ అక్కా ఏడ్చుకుంటూ కాకుండా నవ్వుకుంటూ గీత దాటాం. అక్క జీవితంలో మొదటిసారి ఆగకుండా పరిగెత్తింది.

గీత దాటాక టోఫూ పులుసు పంచే పందిరి దగ్గర వరసలో నిలబడ్డాం. మా ముందు ముప్పై అయిదేళ్ళ ఆవిడ ఒకతి, ఛాతీ మీద నంబరు కాగితం, చేతిలో గిన్నె, స్నేహితురాళ్ళతో కబుర్లు చెబుతూ బద్ధకంగా నిలబడి ఉంది. అటు నుంచి గిల్సు గారు మాకోసం నీళ్ళు పట్టుకొస్తున్నారు. ఆవిడ చూసింది. చూసిన క్షణంలో ఆవిడ రెండు మడమలూ దగ్గరికొచ్చాయి, వెన్ను నిటారుగా అయింది, చేతులు తొడలకి అతుక్కున్నాయి. గిన్నెలో పులుసు కాలి మీద ఒలికినా కదల్లేదు. గిల్సు గారు కూడా చూశారు. నీళ్ళు అక్కడే బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

మిగతావాళ్ళెవరికీ ఏమీ అర్థం కాలేదు. అక్కకి అర్థమైంది. మెల్లగా ఆవిడ పక్కకి వెళ్ళి, కాలి మీద పులుసు తుడవడానికి తన తువ్వాలు ఇచ్చింది.

"ఆయన మీకు తెలుసా అమ్మా?"

"మీకు ఏమవుతారు?" అంది ఆవిడ వెంటనే.

"ఏమీ కారు. మా వ్యాయామం క్లాసులో పరుగు నేర్పుతారు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "బాగా నేర్పుతారు. నేను మిడిల్ స్కూలు పరుగుల జట్టులో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందరూ నా పరుగు చూసి ఎంత బాగుందో అంటారు. మీరూ చూసే ఉంటారు, చివర్లో కూడా చెక్కుచెదరలేదు. ఎందుకో తెలుసా? అలిసిపోయి భుజం లేచిందంటే పిక్కల మీద కర్ర పడేది. రెండోసారి లేస్తే జట్టు మొత్తానికీ పడేది. ఇన్నేళ్ళయినా అలసట రాగానే భయం వస్తుంది, భయం రాగానే పరుగు అందంగా వస్తుంది."

"నన్ను ఏమైనా చెయ్యమంటారా?" అంది అక్క.

"ఏం చేస్తారు? అప్పుడు మా అమ్మ వెళ్ళి గొడవ చేస్తే ఆయన్ని వేరే బడికి మార్చారు. అక్కడా పిల్లలున్నారు కదా." ఆవిడ తువ్వాలు మడిచి ఇచ్చింది. "ఆయన్ని ఎవరూ కోచ్ అని పిలవకపోతే చాలు నాకు."

పేరు చెప్పలేదు, అక్క అడగలేదు.

తిరుగు ప్రయాణంలో గిల్సు గారు వ్యానులో లేరు. బస్సులో వెళ్ళిపోయానని యోన్‌దూకి ఫోను చేశారు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది గానీ నొప్పికి కాదు.

సోమవారం క్లాసుకి ముందు ఏటి గట్టు బెంచీ మీద ఆయన కూర్చుని ఉన్నారు. అక్క వస్తుందని ఆయనకి తెలుసు. నన్ను కూడా రమ్మంది. "నేను ఒక్కదాన్నే వింటే రేపు నా మాట మీద నాకే అనుమానం వస్తుంది" అంది.

"ఆ అమ్మాయి చెప్పిందంతా నిజమే" అన్నారు ఆయన మేం అడగకముందే. "ఆ అమ్మాయి ఒక్కర్తే కాదు."

"ఎందుకు?" అంది అక్క.

"నన్నూ అలాగే నేర్పారు."

"అందుకని?"

"అందుకని ఏమీ లేదు. అది జవాబు కాదని నాకూ తెలుసు."

"మరి బాతులా పరిగెత్తడం దేనికి?"

"బాగా పరిగెడితే ఎవరు నేర్పారని అడుగుతారు. తర్వాత నువ్వు ఎవరికి నేర్పావని అడుగుతారు."

"నోరు మూసుకుని ఉండచ్చుగా. నా మోకాలు సంగతి మీకెందుకు?"

ఆయన తల దించుకున్నారు. "చూసి ఊరుకోవడం చేతకాలేదమ్మా. కొట్టకుండా నేర్పగలనో లేదో చూసుకోవాలనిపించింది. నేర్పాను కదా, ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు కదా."

"పెద్దవాళ్ళం. తిరిగి కొడతామని తెలుసు మీకు" అంది అక్క.

ఆ మాటకి ఆయన మొహం పాలిపోయింది. "ఆ అమ్మాయి ఏ ఊరో చెప్పండి. వెళ్ళి మోకాళ్ళ మీద పడి క్షమించమంటాను" అన్నారు.

"తెలీదు. తెలిసినా చెప్పను. ఎవరి మనశ్శాంతికి వెళ్తారు? మీ మొహం చూస్తేనే ఆ పిల్ల అటెన్షన్‌లోకి వచ్చేసింది. మళ్ళీ ఆ పిల్ల గుమ్మంలో నిలబడతారా?" అక్క లేచి నిలబడింది. "యోన్‌దూకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఆయనే చెప్పారు. తెడ్డు యంత్రాల దగ్గర, క్లాసు మొత్తం ముందు, తడబడుతూ, మధ్యలో రెండుసార్లు ఆగి చెప్పారు. యోన్‌దూ మొదట జోకనుకుని నవ్వి, తర్వాత గోడకి ఆనుకుంది. ప్యో అన్నయ్యే ముందు మాట్లాడాడు.

"ఇప్పుడెందుకివన్నీ? ఆ రోజులు అట్లాంటివి. మనమంతా బడిలో దెబ్బలు తిన్నవాళ్ళమే."

"తిన్నావు" అంది అక్క. "నీ కూతురికి పెట్టావా?"

ప్యో అన్నయ్య వెళ్ళి ఇనుప గుండ్లు సర్దడం మొదలుపెట్టాడు.

యోన్‌దూ ఆయన్ని ఇక రావద్దంది. గట్టిగా అనలేదు, ఏడుస్తూ అంది. ఆయన చెప్పులు మార్చుకుని, అందరికీ వంగి నమస్కారం పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన్ని మా వీధిలో ఎవరూ చూడలేదు. ఎటో తోటపనికి వెళ్ళారని ఒకరు, కొడుకు దగ్గరికి వెళ్ళారని ఒకరు అన్నారు. కొడుకున్నాడని కూడా మాకు అప్పుడే తెలిసింది.

క్లాసులో నలుగురు మానేశారు. మార్టులో దొంగల్ని పట్టిన బుద్ధి ఎక్కడికి పోతుందని అక్క వినేలా అన్నారు. ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఒక మధ్యాహ్నం లాండ్రీకి వచ్చి, బట్టలేవీ లేకుండానే కూర్చుంది.

"నిజం చెబుతున్నానే. ఆ పందిరి దగ్గర ఆ పిల్ల నిటారుగా నిలబడింది చూడు, అప్పుడు నాకు లోపల ఎక్కడో సంతోషమేసింది. దొరికాడు అనిపించింది. పిల్ల కాలు కాలుతోంటే నాకు సంతోషం."

"కానీ తువ్వాలు ఇచ్చింది నువ్వేగా అక్కా."

"తర్వాత ఇచ్చాను" అంది.

ఆయన నేర్పిన పరుగు తనకొద్దని కొన్నాళ్ళు పాత పద్ధతిలోనే పరిగెత్తింది. కావాలని మడమలు కొట్టింది, పిడికిళ్ళు బిగించింది. నెల తిరక్కుండా మోకాలు వాచింది. "మోకాలికి న్యాయం అన్యాయం తెలిసి చావదు కదా" అని తిట్టుకుంటూ మళ్ళీ చిన్న అడుగుల్లోకి వచ్చింది. చలికాలం పోయాక యోన్‌దూ వేరే ఊరి నుంచి ఒక పరుగు మాస్టరుని పిలిపించింది. అతను కూడా అవే మాటలు చెప్పాడు. భుజాలు దించు, పాదం కింద పెట్టు, చీలమండ దగ్గర వాలు. మేమందరం నేల చూపులు చూశాం. అక్క చెయ్యెత్తి, "మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. మా మేనత్త అన్నాడతను. మేనత్త ఫోను నంబరు ఉందా అని అడిగేదే, నేను కాలు తొక్కాను.

మరుసటి ఏడాది బోవున్‌కి మళ్ళీ వెళ్ళాం. అక్క గీత దాటగానే పందిరి వైపు కాకుండా గుంపు వైపు నడిచింది. పోయినేడాది ఆవిడ కనిపించింది. ఈసారి ఆవిడ పరుగులో లేదు, ఆరేళ్ళ కూతుర్ని పిల్లల పరుగులో దింపి తాడు పక్కన నిలబడి ఉంది. అక్క వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ తలలూపుకున్నారు. ఆయన సంగతి ఆవిడ అడగలేదు. "ఇప్పుడు మాలో ఆయన్ని ఎవరూ కోచ్ అని పిలవడం లేదు" అని మాత్రం అక్క చెప్పింది. ఆవిడ తల ఊపింది.

ఈల వేశారు. ఆ పిల్ల చేతులు గాలిపటం తోకలా ఆడిస్తూ, తల వెనక్కి వాల్చి, ఒక బూటు జారిపోతుంటే పట్టించుకోకుండా వంకరటింకరగా పరిగెత్తింది. అక్క నోట్లోంచి మాట రాబోయింది. నేను చూశాను. పెదవి కొరుక్కుని ఊరుకుంది. ఆవిడ తాడు మీదికి వంగి కూతుర్ని పేరు పెట్టి గట్టిగా పిలుస్తోంది, పరుగు గురించి ఒక్క మాటా అనకుండా. పిల్ల చివరినుంచి రెండోది వచ్చింది. ముగ్గురూ కలిసి జారిపోయిన బూటు వెతకడానికి వెళ్ళారు.